రోడ్డు ఊరిది, కెమెరా ఎవరిది?

(బేతంచెర్లలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

 

సారును పేరు పెట్టి పిలిచే అలవాటు ఈ ఊళ్లో ఎవరికీ లేదు. సారు అంటే ఆయనే. పౌరశాస్త్రం పాఠం ఎత్తుకునే ముందు ఆయన పుస్తకం మూసి బల్ల మీద పెట్టి ఒక ప్రశ్న వేసేవారు. "ఒరేయ్, వీధిలో లైటు వెలగలేదనుకో, ఎవరిని అడగాలి?" సర్పంచిని అని ఒకడు, కరెంటోళ్లను అని ఇంకొకడు, ఎమ్మెల్యేను అని మరొకడు అనేవాళ్లం. ఎవరిని అడగాలో తెలియని ఊరికి చట్టం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని ఆయన అభిప్రాయం. ఆయన పేరు మీద జరిగే ఈ సభలో అలాంటి ప్రశ్న ఒకటి మీ ముందు పెట్టాలని వచ్చాను. ఎర్రలైటు దాటిన బండిని ఫొటో తీసే కెమెరాలు ఉన్నాయి కదా, వాటి గురించి మనం ఎవరిని అడగాలి? వాటి మీద ఊరికి, ఊరు ఎన్నుకున్న నగర పంచాయతీకి ఏమైనా హక్కు ఉందా? ఉండాలా?

బేతంచెర్లకు ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన ఊళ్లో పాలిష్ పట్టే రాతి బండలు ఊళ్లోనే ఉండిపోవు. లోడెత్తిన లారీ కర్నూలు మీదుగా హైదరాబాదు పోతుంది, బెంగళూరు పోతుంది. ఒంట్లో బాగాలేకపోతే కర్నూలు పెద్దాసుపత్రికి మనమే పోతాం. కూడలి అక్కడిదే అయినా చలానా మెసేజి వచ్చి పడేది ఇక్కడి ఫోనులోనే. కూలి డబ్బులోంచి అది కట్టేది ఇక్కడి మనిషే. పైగా ఇవాళ నగరంలో ఉన్నది రేపు పట్టణానికి వస్తుంది. వచ్చాక అరిచేకంటే రాకముందే తెలుసుకుని మన మాట చెప్పడం మేలు.

ముందే ఒక మాట స్పష్టంగా చెబుతున్నాను. నేను కెమెరాలకు వ్యతిరేకిని కాను. కూడలిలో పక్కనుంచి వచ్చి గుద్దే బండి చేసే నష్టం మామూలుది కాదు. మనిషికీ ఆ దెబ్బకూ మధ్య ఉండేది తలుపు రేకొక్కటే, బైకు మీదైతే అది కూడా ఉండదు. అమెరికా సమాఖ్య రహదారి శాఖ 2005లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, కెమెరాలు పెట్టిన కూడళ్లలో ఇలా అడ్డంగా గుద్దుకునే ప్రమాదాలు దాదాపు 25 శాతం తగ్గాయి. అదే అధ్యయనంలో వెనకనుంచి గుద్దుకునేవి దాదాపు 15 శాతం పెరిగాయి. ముందు బండి ఒక్కసారిగా బ్రేకు వేస్తుంది, వెనకవాడు ఆపుకోలేడు. ఈ రెండో అంకెను మనవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే మన దారుల్లో ఆటో వెనకాల వచ్చేది చాలాసార్లు బండల లారీ.

కెమెరాలో నాకు నచ్చే గుణం ఇంకొకటి ఉంది. అది మొహం చూడదు. ఎవరి మనిషివి, ఏ పార్టీవాడివి అని అడగదు, ఫోను చేయించుకుంటే వదలదు. చెయ్యెత్తి బండి ఆపి చేతిలో ఏదో పెట్టించుకునే రోజుల కంటే ఇది నయం. అందుకే అది న్యాయంగా పనిచేయాలని నా పట్టుదల.

దాని పనితీరు కొంచెం చెప్పాలి. సిగ్నలు దగ్గర ఆగాల్సిన గీతకు ముందు బండి ఉనికిని పసిగట్టే ఏర్పాటు ఒకటి ఉంటుంది. కొన్నిచోట్ల రోడ్డులో పాతిన తీగచుట్ట, కొన్నిచోట్ల రాడారు, ఇప్పుడు ఎక్కువగా వీడియోనే. ఎర్రలైటు పడ్డాక బండి గీత దాటితే వరసగా ఫొటోలు పడతాయి. ఒకదానిలో బండి గీత ఇవతల ఉండాలి, తర్వాతదానిలో గీత అవతల ఉండాలి, రెండింటిలోనూ ఎర్రలైటు కనబడాలి. తేదీ, సమయం, స్థలం ఫొటో మీదే ముద్రపడతాయి. నెంబరు ప్లేటును కంప్యూటరు చదువుతుంది. ఆ నెంబరు ఎవరి పేరున రిజిస్టరై ఉంటే వారికి నోటీసు పోతుంది. బండి అమ్మేసి పేరు మార్పించకపోతే పాత యజమానికే పోతుంది. మన ఊళ్లో ఎన్ని బైకులు ఆర్సీ మార్చకుండా చేతులు మారుతున్నాయో మీకు నేను చెప్పక్కరలేదు. ఇంటికి పోయి ముందు ఆ పని చూసుకోండి.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. 2019లో దానికి పెద్ద సవరణ జరిగింది. అప్పుడే 136ఎ అనే కొత్త సెక్షను వచ్చి చేరింది. జాతీయ రహదారుల మీద, రాష్ట్ర రహదారుల మీద, నగరాల్లో ఎలక్ట్రానిక్ నిఘా ఏర్పాటు చేసే బాధ్యతను అది రాష్ట్ర ప్రభుత్వం మీద పెట్టింది. 184వ సెక్షను కింద ఎర్రలైటు దాటడం ప్రమాదకరమైన డ్రైవింగు అయింది. మొదటిసారికి వెయ్యి నుంచి ఐదువేల దాకా జరిమానా, లేదా ఆరునెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. 2021 ఆగస్టు 11న కేంద్రం 167ఎ అనే నిబంధన తెచ్చింది. కెమెరా పరికరానికి రాష్ట్రం నియమించిన అధికారి ఆమోదపత్రం ఉండాలి, దాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలి. నేరం జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. కేసు తేలేదాకా ఆ రికార్డును భద్రపరచాలి. ఇవన్నీ అందులో ఉన్నాయి.

అదే నిబంధన దేశంలో 132 నగరాల జాబితా కూడా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఉన్నాయి. కర్నూలు ఉంది, కడప ఉంది, అనంతపురం ఉంది. నంద్యాల లేదు, డోన్ లేదు, బేతంచెర్ల లేదు. అమలు నత్తనడకన సాగుతుంటే కోయంబత్తూరు ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో 136ఎ సెక్షనునూ 167ఎ నిబంధననూ అమలు చేసి తీరాలని రాష్ట్రాలను ఆదేశించింది. విరిగిన కాళ్లూ చేతులూ కట్టికట్టి, విరగకుండా ఆపేదెట్లా అని ఒక డాక్టరు కోర్టు మెట్లెక్కాడు. ఆయన మనకు ప్రత్యక్షంగా తెలియకపోవచ్చు, మనందరం ఆయనకు రుణపడి ఉన్నాం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఈ మొత్తం ఏర్పాటులో ఊరు ఎక్కడుంది? చట్టం ఢిల్లీలో పుట్టింది. కోర్టుకు పోకుండా కట్టే రాజీ రుసుము రాష్ట్రం నిర్ణయిస్తుంది. చలానా పోలీసులో రవాణా శాఖో రాస్తారు. యంత్రం ఒక కంపెనీ పెడుతుంది. డబ్బు రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు పన్నెండో షెడ్యూలు ఇచ్చింది, అందులో 18 అంశాలు. రోడ్లు, వంతెనలు ఉన్నాయి. వీధిదీపాలు, పార్కింగు స్థలాలు, బస్టాపులు ఉన్నాయి. ట్రాఫిక్ సిగ్నలు మాట లేదు, కెమెరా మాట లేదు. మన నగర పంచాయతీకి 2021 నవంబరులో తొలి ఎన్నికలు జరిగాయి. ఓటేసి పంపిన సభ్యులు గుంత పూడ్చవచ్చు, బల్బు మార్చవచ్చు. కానీ రేపు మన కూడలిలో సిగ్నలు పెట్టి, దాని పక్కన కెమెరా పెడితే, పసుపు లైటు ఎన్ని సెకన్లు వెలగాలో అడిగే అధికారం వారికి చట్టం చెప్పి ఇవ్వలేదు.

పసుపు లైటుకు అంత ప్రాధాన్యం దేనికంటారా? మొత్తం న్యాయం దానిమీదే నిలబడి ఉంది. కాస్త లెక్క వేద్దాం, మీరు నాతోపాటు వేయండి.

గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. పసుపు లైటు చూసి కాలు బ్రేకు మీదికి పోవడానికి మామూలు మనిషికి ఒక సెకను పడుతుందని ఇంజినీర్లు లెక్కగడతారు. ఆ సెకనులోనే బండి 11 మీటర్లు వచ్చేస్తుంది. కారు మామూలుగా బ్రేకు పట్టినా ఇంకో 20 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 31, 32 మీటర్లు. ఆ దూరం దాటడానికి మూడు సెకన్లు చాలు. అంటే మూడు సెకన్ల పసుపు లైటు కారుకు సరిపోతుంది. ఆపగలిగినవాడు ఆపుతాడు, ఆపలేనంత దగ్గరికి వచ్చినవాడు ఎర్ర పడేలోపు దాటిపోతాడు.

ఇప్పుడు బండల లారీని తీసుకోండి. టన్నుల కొద్దీ రాయి, నిలబెట్టి పేర్చిన లోడు. డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కితే రాళ్లు ముందుకు జరిగి క్యాబిన్ మీద పడతాయేమోనని భయం. ఆ భయం ఉత్తది కాదని ఈ సభలో ఉన్న డ్రైవర్లకు తెలుసు. మెల్లగా పట్టి ఆపాలి. అలా ఆపితే దానికి బ్రేకు దూరమే 31 మీటర్లు, ఆలోచన దూరంతో కలిపి 42. లారీ గీతకు 40 మీటర్ల దూరంలో ఉండగా పసుపు పడిందనుకుందాం. ఆపుదామంటే ఆగదు. పోదామంటే మూడు సెకన్లలో 33 మీటర్లే పోతుంది. గీత ఇంకా ఏడు మీటర్లు ఉండగానే ఎర్ర పడుతుంది. కెమెరా ఫొటో తీస్తుంది. ఆ డ్రైవరు చేసిన తప్పేమిటి? వేగం తప్పలేదు, తాగలేదు, ఫోను చూడలేదు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. అదే పసుపు లైటు నాలుగు సెకన్లు వెలిగి ఉంటే అతను నిర్దోషి. ఒక్క సెకను తేడాతో ఒక కుటుంబం జరిమానా కట్టాలా వద్దా అన్నది తేలిపోతోంది.

ఈ చిక్కు కొత్తది కాదు. జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో గాజిస్, హెర్మన్, మారదుడిన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1960లోనే దీనికి సూత్రం రాసి అచ్చేశారు. అరవై ఏళ్లు దాటిన లెక్క ఇది. కూడలికి వచ్చే బండ్ల వేగం, బరువు, దారి వాలు చూసి పసుపు సమయం పెట్టాలి. నగరంలోని కార్ల కూడలికి పెట్టిన అంకెను తెచ్చి బండల లారీలు తిరిగే ఊళ్లో పెడితే అది అన్యాయం. మన దారిలో ఏ బండ్లు తిరుగుతాయో అమరావతిలో కూర్చున్న అధికారి కంటే, యంత్రం పెట్టే కంపెనీ కంటే, ఈ ఊరి వార్డు సభ్యుడికి బాగా తెలుసు. స్థానిక సంస్థకు మాట ఉండాలనడానికి నాకున్న మొదటి కారణం ఇదే.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం బీవర్టన్ అనే ఊళ్లో మాట్స్ యార్ల్‌స్ట్రామ్ అని ఒకాయన ఉన్నాడు. స్వీడన్‌లో పుట్టి అక్కడ స్థిరపడ్డ ఎలక్ట్రానిక్స్ మనిషి. 2013లో ఆయన భార్యకు ఎర్రలైటు చలానా వచ్చింది. ఆయన కట్టేసి ఊరుకోలేదు. మలుపు తిరగడానికి వేగం తగ్గించే బండికి పాత సూత్రం ఇచ్చే సమయం చాలదని లెక్క కట్టి చూపాడు. లైసెన్సు లేకుండా ఇంజినీరింగు చెబుతున్నావని రాష్ట్ర ఇంజినీర్ల బోర్డు ఆయనకే 500 డాలర్ల జరిమానా వేసింది. ఆయన సమాఖ్య కోర్టుకు వెళ్లాడు, 2018 డిసెంబరులో గెలిచాడు. ఆయన వాదన ఆధారంగా రవాణా ఇంజినీర్ల సంస్థ 2020లో తన మార్గదర్శకాన్ని మార్చుకుంది. ఒక చలానాను ప్రశ్నించిన మామూలు పౌరుడు దేశమంతటి పసుపు లైటు లెక్క మార్పించాడు.

అమెరికాలో ఈ కెమెరాల పెత్తనం చాలావరకు నగర పాలక మండళ్లదే. రాష్ట్రం అనుమతి ఇస్తుంది, పెట్టాలా వద్దా అన్నది నగరం తేల్చుకుంటుంది. అందువల్ల అక్కడ మంచీ జరిగింది, చెడూ జరిగింది. చెడు ముందు చెబుతాను. చికాగో నగరం 2003 నుంచి కెమెరాలు పెట్టింది. వాటి కాంట్రాక్టు చూసుకున్న నగర అధికారి జాన్ బిల్స్ కంపెనీ నుంచి లంచాలు మేసి, 2016లో పదేళ్ల జైలు శిక్షకు గురయ్యాడు. ఆ కంపెనీ అమెరికా విభాగానికి అధిపతిగా ఉన్న కరెన్ ఫిన్లీ కూడా జైలుకు పోయింది. 2014లో అదే నగరంలో ఇంకో సంగతి బయటపడింది. పసుపు లైటు కనీసం మూడు సెకన్లు ఉండాలి. అది 2.9 సెకన్లే వెలిగినా చలానా చెల్లుతుందని చడీచప్పుడు లేకుండా పద్ధతి మార్చారు. సెకనులో పదోవంతు. దానివల్ల 77 వేల చలానాలు అదనంగా పడ్డాయి. ఒక్కోటి 100 డాలర్లు, అంటే 77 లక్షల డాలర్లు. నగరం సొంత తనిఖీ అధికారి దాన్ని పట్టి బయటపెట్టాడు. డబ్బు యావ పుడితే పాలక మండలి అయినా ప్రజలను పిండుకుంటుందని దీన్నిబట్టి అర్థమవుతోంది. కాబట్టి ఊరికి అధికారం ఇస్తే అంతా బాగుపడుతుందని నేననను.

మంచి కూడా చూడండి. మన తెలుగు పిల్లలు వేలమంది ఉన్న టెక్సస్‌లో హ్యూస్టన్ నగరం 2006లో కెమెరాలు పెట్టింది. ప్రజలు సంతకాలు సేకరించి, 2010 నవంబరులో ఓటింగు పెట్టించి, వద్దని తేల్చేశారు. కంపెనీతో వ్యవహారం కోర్టుకెక్కింది, నగరం డబ్బిచ్చి వదిలించుకోవాల్సి వచ్చింది. ప్రజల నిర్ణయానికంటే కాంట్రాక్టు ఆయుష్షు ఎక్కువైతే ఏమవుతుందో దానితో తెలిసింది. చివరికి 2019లో టెక్సస్ రాష్ట్రమే ఎర్రలైటు కెమెరాలను నిషేధించింది. ఆ నిషేధం మంచిదని నేను అనుకోను. సరిచేయవలసినదాన్ని కోసి పారేశారు. కాలిఫోర్నియా చేసిన పని దానికంటే మేలు. కంపెనీకి చలానాకు ఇంత అని ముట్టజెప్పే కాంట్రాక్టులను ఆ రాష్ట్రం 2004 నుంచి చట్టంలోనే నిషేధించింది. యంత్రానికి, దాని పనికి డబ్బు ఇవ్వాలి తప్ప, ఎంతమందిని పట్టుకున్నావని లెక్కబెట్టి ఇవ్వకూడదు. ఒక్క వాక్యంతో సగం అవినీతికి దారి మూసేశారు.

ఫిలడెల్ఫియాలో ఒక బీమా సంస్థల పరిశోధన సంఘం చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. ముందు పసుపు సమయం దాదాపు ఒక సెకను పెంచారు. అంతమాత్రానికే ఎర్రలైటు దాటడం 36 శాతం తగ్గింది. ఆ తర్వాత కెమెరా పెడితే మిగిలినదానిలో 96 శాతం తగ్గింది. రెండూ కావాలన్నమాట. కానీ వరస ముఖ్యం. ముందు లైటు సరిచేయాలి, తర్వాతే జనాన్ని పట్టుకోవాలి.

ఇక మన దక్షిణాది రాష్ట్రాల సంగతి. కేరళ 2023 ఏప్రిల్‌లో 726 కెమెరాల పథకం ప్రారంభించింది. వాటిలో హెల్మెట్టూ సీటుబెల్టూ చూసేవే 675. ఎర్రలైటు కోసం పెట్టినవి 18 మాత్రమే. ఉపకాంట్రాక్టులు ఎవరికి ఎందుకిచ్చారన్న దానిమీద పెద్ద రభస జరిగింది, హైకోర్టు దాకా పోయింది. పంచాయతీలకు ఎక్కడాలేనంత అధికారం ఇచ్చామని చెప్పుకునే కేరళలో కూడా కెమెరా స్తంభం ఎక్కడ నిలబెట్టాలన్నది రాష్ట్రస్థాయి వ్యవహారమే అయింది.

తెలంగాణలో ఇంకో రకం జబ్బు కనిపించింది. పేరుకుపోయిన చలానాల మీద 2022 మార్చిలో రాయితీ ప్రకటించారు. 2023 డిసెంబరు చివర మళ్లీ ప్రకటించారు. రెండోసారి బైకులకు, ఆటోలకు 80 శాతం మాఫీ, తోపుడుబండ్లకు 90 శాతం. తోపుడుబండికి కూడా చలానా ఉందని ఆ రాయితీ ప్రకటన చూశాకే చాలామందికి తెలిసింది. నూటికి ఎనభై వదిలేయగలిగితే ఆ నూరు ఎందుకు రాసినట్టు? మొదటి వారంలో నిజాయతీగా కట్టినవాడికి ఏం జవాబు చెబుతారు? చట్టానికి భయపడినవాడు నష్టపోయి, ఎగ్గొట్టినవాడు లాభపడే ఏర్పాటు ఏ సమాజానికీ మంచిది కాదు.

ఎగ్గొట్టిన చలానాలు ఎక్కడికి తీసుకుపోతాయో మన జిల్లాల వాళ్లకు వేరే చెప్పాలా? 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ బస్సు మీద కట్టని చలానాలు పదహారు ఉన్నాయని తర్వాత పత్రికలు రాశాయి. ఆ చలానాలే ప్రమాదానికి కారణమని నేను చెప్పడం లేదు. పదహారుసార్లు నమోదు చేసిన వ్యవస్థ ఒక్కసారైనా ఆ బండిని ఆపి, ఏమిటి నీ సంగతి అని అడగలేదు. ఫొటో తీయడంతో బాధ్యత తీరిపోయిందని అనుకుంటే జరిగేది ఇదే.

ఇంకో లెక్క కూడా మరిచిపోవద్దు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 71 మంది మితిమీరిన వేగం వల్ల పోయినవారే. ఎర్రలైటు దాటడం వల్ల జరిగిన ప్రమాదాలు ఆ ఏడాది 4,021, మొత్తం ప్రమాదాల్లో ఒక శాతం కూడా కాదు. బేతంచెర్ల లాంటి ఊరికి ఎవరైనా ఒకే ఒక్క కెమెరా ఇస్తామంటే, బడి ముందు వేగం చూసే కెమెరా అడగమని నేను మీకు చెబుతాను. ఏది ముందు కావాలో తేల్చుకునే హక్కు కూడా ఊరికి ఉండాలి.

మన ఊరి ఆటో సోదరుడొకరు నాకు తన ఫోను చూపించాడు. కర్నూలులో ఒక కూడలి. ఎర్రలైటు దగ్గర నిలబడి ఉన్నాడు. వెనకనుంచి అంబులెన్సు సైరను మోగిస్తూ వచ్చింది. దారివ్వడానికి ఆటోను గీత దాటించి పక్కకు జరిపాడు. నాలుగు రోజులకు మెసేజి. ఫొటోలో ఆటో ఉంది, నెంబరు ఉంది, గీత ఉంది, ఎర్రలైటు ఉంది. వెనకున్న అంబులెన్సు ఫొటో అంచు బయట ఉండిపోయింది. మోటారు వాహనాల చట్టంలోనే 194ఇ సెక్షను ఉంది. అంబులెన్సుకు దారివ్వకపోతే పదివేల జరిమానా. దారిస్తే ఒక శిక్ష, ఇవ్వకపోతే అంతకు పెద్ద శిక్ష. అతను చలానా కట్టేశాడు. వాదించాలంటే మళ్లీ కర్నూలు పోవాలి, ఒక రోజు బాడుగ పోతుంది, ఎవరిని కలవాలో తెలియదు. చలానా మొత్తం కంటే వాదించే ఖర్చు ఎక్కువైనప్పుడు పేదవాడు తప్పు లేకున్నా కట్టేస్తాడు. అది నేరం ఒప్పుకోవడం కిందే లెక్కలోకి పోతుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అందుకే మన నగర పంచాయతీ కార్యాలయంలో వారానికి ఒక పూట, చలానాల మీద అభ్యంతరాలు తీసుకునే బల్ల ఒకటి కావాలంటున్నాను. ఏ ఊరి కెమెరా తీసినా సరే, ఆ వీడియో ముందూ వెనకా ఇక్కడే చూపించాలి. అభ్యంతరం రాసుకుని సంబంధిత పోలీసు అధికారికి ఇక్కడినుంచే పంపాలి. జవాబు వచ్చేదాకా జరిమానా పెండింగులో ఉండాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

రేపు ఈ ఊళ్లో కెమెరా పెట్టాల్సి వస్తే, అంతకుముందు కౌన్సిల్ తీర్మానం తప్పనిసరి కావాలి. ఆ తీర్మానం పెట్టేముందు ఆ కూడలిలో రెండు మూడేళ్లలో జరిగిన ప్రమాదాల వివరాలు పోలీసులు సభ ముందుంచాలి. ప్రమాదాలు లేనిచోట కెమెరా పెడితే అది వసూళ్ల కోసమే అవుతుంది. పసుపు లైటు ఎన్ని సెకన్లో స్తంభం మీద తెలుగులో రాసి ఉండాలి. కెమెరా ఉందని ముందే బోర్డు కనబడాలి. గీత చెరిగిపోతే, అది మళ్లీ గీసేదాకా చలానా రాయకూడదు. కంపెనీతో కుదిరిన ఒప్పందం కాగితాలు ఎవరు అడిగినా చూపాలి. మన కూడలిలో వసూలైన డబ్బులో ఒక భాగం ఆ కూడలికే తిరిగి రావాలి, లైట్లకూ, కాలిబాటకూ, దాటే చారలకూ. చికాగో కథ విన్నాం కాబట్టి, ఆ డబ్బును నగర పంచాయతీ మామూలు ఖర్చుల్లో కలపకూడదన్న షరతు కూడా నేనే పెడుతున్నాను. జీతాలకూ, బిల్లులకూ చలానా డబ్బు అలవాటైతే పాలక మండలి ప్రమాదాలు తగ్గాలని కోరుకోదు.

కౌన్సిలర్ల చేతికి ఇస్తే తమవాళ్ల చలానాలు కొట్టేయించుకుంటారని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే చలానా రాయడం, కొట్టేయడం కౌన్సిల్‌కు ఉండకూడదంటున్నాను. అది పోలీసుల దగ్గర, కోర్టు దగ్గరే ఉండాలి. ఎక్కడ పెట్టాలి, ఏ షరతులతో పెట్టాలి, లెక్కలు ఏమిటి అన్న మూడింటికే ఊరి మాట చాలు. జాతీయ రహదారి మీద, ఆర్ అండ్ బీ రోడ్డు మీద ఊరికి పెత్తనం ఇవ్వలేమని అధికారులు అనవచ్చు. పెత్తనం వద్దు, సంప్రదింపు చాలు. చట్టంలోని 215వ సెక్షను కింద జిల్లా రహదారి భద్రతా కమిటీలు ఉన్నాయి. వాటి సమావేశానికి మన కమిషనరు, మన ఛైర్‌పర్సన్ ఈ విషయాలు తీసుకుపోవడానికి ఇప్పుడు కూడా అడ్డేమీ లేదు.

ఇంకొక సెక్షను ఉంది, దాని గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. అది 198ఎ. రోడ్డును భద్రతా ప్రమాణాల ప్రకారం కట్టకపోవడం వల్ల, నిర్వహించకపోవడం వల్ల మనిషి చనిపోయినా, అవిటివాడైనా, ఆ రోడ్డుకు బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. 2019 సవరణలోనే ఇది కూడా వచ్చింది. పౌరుడి తప్పు పట్టుకోవడానికి స్తంభాలు లేచాయి. రోడ్డు తప్పు పట్టుకునే సెక్షను పుస్తకంలోనే పడి ఉంది. రెండూ కలిసి నడిచినప్పుడే జనానికి కెమెరా మీద నమ్మకం కుదురుతుంది.

మీరు చేయగలిగింది ఉంది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. కర్నూలులో మీకు చలానా వచ్చిన కూడలి పేరు రాసి, అక్కడి కెమెరాకు ఈ సంవత్సరం ఆమోదపత్రం ఉందా, ఏ తేదీ వరకు చెల్లుతుంది, పసుపు లైటు ఎన్ని సెకన్లు పెట్టారు, ఏ కొలతతో పెట్టారు అని అడగండి. పది రూపాయల ఫీజుతో అర్జీ సరిపోతుంది. లారీ ఓనర్ల సంఘం, ఆటో యూనియన్ కలిసి వేస్తే ఇంకా బలం. వచ్చిన జవాబులు తెచ్చి మన వార్డు సభ్యుల చేతిలో పెట్టండి. నగర పంచాయతీ వచ్చే సమావేశంలోనే, మా ఊళ్లో కౌన్సిల్ తీర్మానం లేకుండా ఎర్రలైటు కెమెరా పెట్టవద్దని, బండల లారీల బరువును లెక్కలోకి తీసుకుని పసుపు సమయం నిర్ణయించాలని, చలానా అభ్యంతరాల బల్ల బేతంచెర్లలోనే ఏర్పాటు చేయాలని తీర్మానించి ప్రభుత్వానికి పంపవలసిందిగా ఈ సభ తరఫున కోరుతున్నాను. దానిమీద సంతకాల పుస్తకం బయట బల్ల మీద ఉంది. వెళ్లేటప్పుడు దయచేసి అందరూ సంతకం చేసి వెళ్లండి.